తొట్టికాడ పురుగు

“పలకలు నున్నగా ఉన్నాయా?”

“బలపం గట్టిదైతే గీత అదే పడుతుంది.”

కోడ్ సరిపోయింది. మార్కాపురంలో ఆ పలకల దుకాణం షట్టర్ సగం దిగింది. యజమాని బ్రహ్మానందం ఊరికి వ్యాపారి, ఏజెంట్ పాల్ రాజుకి చీఫ్.

“హరిత డబుల్ ఏజెంట్,” అన్నాడు బ్రహ్మానందం. “విదేశీ ముఠాలో మన మనిషిగా ఉంటానన్నది. మనలో ముఠా మనిషిగా ఉంది.”

గిద్దలూరు ల్యాబ్‌లో ఉండే డాక్టర్ హరితను కొమరోలు దగ్గర గొర్రెల ఓబులయ్యకి పరిచయం చేసింది పాల్ రాజే. “నా చెల్లెలు లాంటిది మామా, నమ్ము” అని చెప్పింది కూడా తనే.

ల్యాబ్ గిన్నెలో పెరిగే ఒక నులిపురుగు జీన్ ఎడిటింగ్‌కి సులువుగా లొంగుతుంది. దాని కడుపులోకి సన్నటి సూదితో జీన్ మార్చే మందు ఎక్కిస్తే చాలు, పిల్లలు మారిన జీన్‌తో పుడతాయి. గొర్రె కడుపులో రక్తం తాగే నట్ట మీద ఆ విద్య పారలేదు. సూది గుచ్చితే చచ్చేది, గొర్రె కడుపు దాటితే పెరిగేది కాదు. హరిత సూదిని పక్కన పెట్టింది. మందును కొవ్వు బుడగల్లో చుట్టి, నట్ట పిల్లల్ని అందులో నానబెట్టింది. పని జరిగింది. నట్టల్ని గొడ్డుపోయేలా చెయ్యాలని మొదలుపెట్టిన పని అది. విదేశీ ముఠా దాన్ని తిరగేయించింది. ఏ నట్టల మందుకీ చావని నట్ట తయారైంది. దానికి విరుగుడు ముఠా దగ్గర మాత్రమే ఉంటుంది.

“రేపు మధ్యాహ్నం హరిత ఆ నట్టల్ని ఓబులయ్య తొట్టిలో పోయిస్తుంది. ముఠా మనిషి రుజువుకి కారులోంచి వీడియో తీస్తాడు. గొర్రెలు నీళ్లు తాగినాక పట్టుకుంటాం.”

“తాగకముందే ఆపుదాం సార్.”

“ముందు కదిలితే వాడు జారిపోతాడు. ఆ మందను తర్వాత చంపి పాతిపెట్టిస్తాం.” బ్రహ్మానందం ఒక బలపం చేతిలో పెట్టాడు. లోపల ట్రాన్స్‌మిటర్. “విరిస్తే టీమ్ వస్తుంది. తాగినాకే విరువు.”

మర్నాడు పొద్దున ఓబులయ్య భార్య సౌభాగ్యమ్మ సంగటి ముద్ద పెట్టింది. గొర్రెలకు మందు తాగించే కాంపౌండర్ వేషంలో వచ్చిన రోజు నుంచీ పాల్ రాజుకి ఆ ఇంట్లోనే తిండి.

“ఏంది అల్లుడా, ముద్దను అట్ల పిసుకుతాండావు? మింగు. చర్చిలో ఉపవాసం చెప్పినారా?” అంది.

“ఆకలి లేదత్తా.”

“సూడు, ఆ డాక్టరమ్మ పిల్ల కోసం దిగులు పడ్డాడు,” అన్నాడు ఓబులయ్య నవ్వుతూ. “నల్లద్దాలు పెట్టుకొని స్కూటర్ మీద వచ్చిందంటే నా పొట్టేళ్లు గూడ తలెత్తి సూస్తాయి.”

పాల్ రాజు ముద్దను నీళ్లతో దించాడు.

మధ్యాహ్నం ఎండకు బోరు పక్కన నల్లబండ కాలిన పెనంలా ఉంది. మంద తొట్టివైపు దిగుతోంది. రోడ్డు మీద తెల్ల కారు ఆగి ఉంది. అద్దం దిగింది. కెమెరా మెరిసింది. హరిత స్టీలు ఫ్లాస్కు మూత తీసి ఓబులయ్య చేతికి ఇచ్చింది.

“కొత్త నట్టల మందు, పెద్దయ్యా. తొట్టిలో కలపండి.”

“మా అల్లుడు నమ్మమన్నాక ఇంక అడిగేదేముందమ్మా.”

తుమ్మచెట్టు చాటున ఆ మాట విన్న పాల్ రాజు చేతిలో బలపం దానంతటదే విరిగినట్టు రెండు ముక్కలైంది. టీమ్ రావడానికి టైం పడుతుంది. ఫ్లాస్కు తొట్టి మీదికి వంగింది. ముందున్న గొర్రె మూతి చాచింది.

పాల్ రాజు పరిగెత్తుతూ అరిచాడు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక అతను చెప్పిన మొదటి నిజం అది.

“మామా! పారెయ్! అందులో పురుగుంది!”

ఆ పల్లెల్లో పాముని పేరు పెట్టి పిలవరు. పిలిస్తే వస్తుందని భయం. పురుగు అంటారు.

“పురుగా!” అని కేక పెట్టి ఓబులయ్య ఫ్లాస్కును నల్లబండ మీదికి విసిరేశాడు. నీళ్లు చుయ్‌మని ఆవిరయ్యాయి. కేకకు బెదిరిన మంద రోడ్డెక్కి కారును చుట్టేసింది. లోపలివాడు హారన్ కొట్టాడు. గొర్రెలు ఇంకా దగ్గరకు జరిగాయి. టీమ్ జీపు వచ్చేదాకా వాడు తలుపు కూడా తియ్యలేకపోయాడు.

హరిత పారిపోలేదు. బండ మీద ఆరిపోతున్న తడిని చూస్తూ నిలబడింది.

“మందను బలి ఇస్తావని నీ చీఫ్ లెక్కేసుకుని ఉంటాడు. నేనూ అదే అనుకున్నా,” అంది బేడీలు పడుతుండగా.

“నేనూ అనుకున్నా,” అన్నాడు పాల్ రాజు.

ఓబులయ్య అతన్ని కావలించుకున్నాడు. “నా పానం నిలబెట్టినావు అల్లుడా! ఎంత పొడుగుండెరా పురుగు?”

నిజం చెప్పాలనిపించింది. తన పేరు, తన పని, మధ్యాహ్నందాకా పాతిపెట్టడానికి ఒప్పుకున్న మంద, అన్నీ నాలుక చివరికి వచ్చాయి.

“కంటికి కనపడదు మామా,” అన్నాడు, అంతవరకే చాతనై.

ఓబులయ్య బండకు రెండు చేతులూ జోడించాడు. “కనపడకుండ పోయిందా! అయితే అది నాగేంద్రుడే. పుట్టలో పాలు పోయాల. నువ్వూ రా. యేసయ్య ఏమీ అనుకోడులే.”

ఆ సాయంత్రం ఏజెంట్ పాల్ రాజు చెంబు పట్టుకొని వెనక నడిచాడు. గొర్రె పొట్టలో ఉండే నట్టకు పుట్టలో పాలు పోసిన గూఢచారి అతనొక్కడే అయ్యుంటాడు.