నాన్న గదిలో కెమెరా

వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే కొట్టు ఆమెది. చూసిన క్యాసెట్టును వెనక్కి తిప్పకుండా తెచ్చిచ్చినవాళ్ళను నిలబెట్టి కడిగేస్తుంది కాబట్టి వీధిలో అందరూ ఆమెను రివైండక్క అంటారు. నోరు పెద్దది. ఆ నోటికి రోజూ బలయ్యేది మాత్రం ఇంట్లో ఉన్న వదిన.

రెండేళ్ళ కిందట నాన్నకు పక్షవాతం వచ్చి మాట, కదలిక రెండూ పోయాయి. పగలంతా ఆయన్ని కనిపెట్టుకుని ఉండేది వదినే. నెల రోజులుగా ఆయన చేతుల మీద కమిలిన మచ్చలు కనిపిస్తున్నాయి. గోళ్ళు దిగేలా గిచ్చి మెలిపెట్టిన మచ్చలు.

"నీ పెళ్ళాం పనే ఇది," అంది అన్నయ్యతో, వదిన వినేటట్టుగానే. "రెండ్రోజుల్లో దాని బండారం బయటపెడతాను. ఆ తర్వాత ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

అన్నయ్య పేపరు చాటున తల దాచుకున్నాడు. వదిన గిన్నెలు కడుక్కుంది.

దొంగల భయానికి కొట్టులో పెట్టుకున్న కెమెరాను ఊడదీసుకొచ్చి, నాన్న గదిలో బీరువా మీద అట్టపెట్టెల మధ్య దాచింది రివైండక్క. దాని వైరు హాల్లోని వీసీఆర్ వెనక గుచ్చింది. మామూలుగా అయితే క్యాసెట్టు మూడు గంటలే వస్తుంది. మధ్యాహ్నం దాకా చాలాలని టేపు మెల్లగా తిరిగేలా నిదానం మీద పెట్టి, రికార్డు నొక్కి, వీసీఆర్ మీద గుడ్డ కప్పి కొట్టుకు వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు తలుపు దగ్గరగా వేసి ఆ క్యాసెట్టు పెట్టుకుంది. అప్పుడే గెలిచేసినంత సంబరంగా ఉంది ఆమెకు.

బొమ్మ మూలన గంటలు, నిమిషాలు. వదిన వచ్చింది. నాన్న మూతి తుడిచింది. తల మెల్లగా ఎత్తి నీళ్ళు పట్టింది. దుప్పటి సర్ది, తలుపు మూసి వెళ్ళిపోయింది.

"కెమెరా కనిపెట్టేసినట్టుంది మహాతల్లి," అని గొణుక్కుంది రివైండక్క.

ముందుకు పరిగెత్తించింది. పది. పదిన్నర. కదలని నాన్న, కదలని గది. పదకొండూ ఇరవైకి ఆయన కళ్ళు తెరుచుకున్నాయి. బీరువా వైపే చూస్తున్నాడు... రెప్ప వెయ్యడం లేదు.

మామూలు వేగానికి తెచ్చింది.

బీరువా పక్కనుంచి ఒక ఆడమనిషి వీపు బయటికొచ్చింది. తలుపు తెరుచుకోలేదు. ఆ మూల గోడ తప్ప ఇంకేమీ లేదు. ఆ మనిషి తీరిగ్గా నడిచి వెళ్ళి మంచం అంచున కూర్చుంది. నాన్న చొక్కా చెయ్యి పైకి మడిచింది. గిచ్చింది. మెలిపెట్టింది. ఆయన నోరు పెద్దగా తెరుచుకుంది. శబ్దం లేదు... ఆ కెమెరాకు శబ్దం పట్టదు.

"దొరికావే!" అంది రివైండక్క. అంటూనే ఆగిపోయింది. వదిన పొట్టిది. ఈ మనిషి పొడుగు. జుట్టు ముడి చుట్టి, ముడిలో పెన్ను గుచ్చుకుంది.

ఆమె చెయ్యి దానంతటదే తన ముడి మీదికి పోయింది. పెన్ను అక్కడే ఉంది.

బొమ్మలో ఆ మనిషి తల తిప్పింది. రివైండక్క పాజ్ నొక్కింది. నిదానం మీద ఎక్కించిన క్యాసెట్టును ఆపితే బొమ్మ కుదురుగా నిలవదని ఆమెకు తెలియంది కాదు. సరిగ్గా ముఖం మీదే తెల్లటి చారలు. ఒక్కొక్క బొమ్మే ముందుకు జరిపింది. చారలు కిందికి దిగాయి. నుదురు... కళ్ళు...

తన ముఖమే. నవ్వుతోంది.

నిన్న పదకొండూ ఇరవైకి తను ఈ కుర్చీలోనే ఉంది. ఎవరినో కడిగేస్తోంది. అంత భయంలోనూ ఆమెకు తోచింది ఒక్కటే, నాన్న. ఇంటికి ఫోన్ చేసింది.

"హలో," అంది వదిన.

"నేను. నువ్వు ముందు నాన్న దగ్గరికెళ్ళు. ఆయన్ని ఒంటరిగా వదలకు. నీ తప్పేం లేదు వదినా, అంతా వచ్చాక చెప్తాను."



"ఎవరండీ మీరు?" వదిన గొంతు తగ్గించింది.

"నేనే! నీ ఆడపడుచుని!"

"మా ఆడపడుచు ఇంట్లోనే ఉందండీ. ఇందాకే వచ్చింది. మామయ్య గదిలోకెళ్ళి గడియ పెట్టుకుంది..."

"అది నేను కాదు! తలుపు బద్దలుకొట్టు! వదినా..."

ఫోన్లో గడియ తీసిన చప్పుడు. తీరిగ్గా అడుగులు. దగ్గరికి... ఇంకా దగ్గరికి...

"ఎవరు వదినా? ఇటివ్వు."

అచ్చం తన గొంతే. రెండేళ్ళుగా తను వదినతో ఎన్నడూ మాట్లాడనంత మెత్తగా ఉంది. ఫోన్ చేతులు మారింది. ఊపిరి వినిపించింది.

"నువ్వు కొట్టులోనే ఉండు," అంది ఆ గొంతు గుసగుసగా. "నాన్న పనైపోయింది. ఇక వదిన."

ఫోన్ పెట్టేసింది.

రివైండక్క లేవబోయింది. ఎదురుగా టీవీలో, ఆగిన చోటే వణుకుతున్న నిన్నటి బొమ్మలో, ఆ మనిషి లేదు. నాన్న కూడా లేడు. ఖాళీ మంచం మీద దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది.