చేదెక్కిన ధవళానది

శోణగిరికీ పొరుగునున్న మాలావతికీ జరిగిన యుద్ధంలో శోణగిరి గెలిచింది. కాని రాజు జయకేతుడి విజయోత్సవాలు ముగియకముందే, సరిహద్దున పారే ధవళానది నీరు చేదెక్కింది. చేలు మాడిపోయాయి, చూడి ఆవులకు కడుపు పోయింది. ఇది శత్రువుల చేతబడేననీ, మళ్లీ దండెత్తాలనీ మంత్రి అన్నాడు. రాజవైద్యుని కుమార్తె తరళ మాత్రం ముందు కారణమేమిటో తెలుసుకు వస్తానని రాజు అనుమతి పొంది, నది వెంట ఎగువకు బయలుదేరింది.

అడవిలో ఒక ముసలి ఏనుగు ఆమెకు ఎదురైంది. యుద్ధంలో గాయపడితే సైనికులు వదిలేసిపోయిన ఏనుగది. దాని కాలిలో విరిగిన బాణపు ములికిని తరళ పెరికివేసి, ఆకుపసరు కట్టింది. అప్పుడు ఏనుగు మనిషిలా మాట్లాడి, కొండ మీంచి నల్లమడుగు దాకా నీరు తియ్యగానే వస్తుందనీ, అక్కడి నుంచే చేదెక్కుతోందనీ, ఎందుకో ఆ మడుగులోని భూతానికే తెలుసనీ చెప్పి, ఆమెను వీపున ఎక్కించుకుని మడుగు చేర్చింది.

నీళ్లలోంచి భూతం కొండలా లేచింది. నీటిని ఎందుకు విషం చేశావని తరళ అడిగింది.

"నేనా?" అంది భూతం. "యుద్ధమయ్యాక మీవాళ్లూ, మాలావతివాళ్లూ విషం పూసిన బాణాలు బండ్లకొద్దీ తెచ్చి నా ఇంట్లో పారబోశారు. పారబోసినవాళ్లే తీయాలి. ఇద్దరూ కలిసి వస్తేనే దిగనిస్తాను."

తరళ నది దాటి మాలావతి పల్లెలకు వెళ్లింది. కాలిన ఇళ్ల మధ్య తిరిగి, ఎవరు ఏం పోగొట్టుకున్నారో ప్రతి గడపలో అడిగింది. భర్త పోయాక ఊరి పెద్దరికం మోస్తున్న కేతకి ఆమె చెప్పిన భూతం షరతు విని, "నా మొగుణ్ణి చంపినవాళ్ల పక్కన నిలబడమంటావా?" అంది.

"మరిచిపొమ్మని అడగనమ్మా. ఇక్కడ మావాళ్లు చేసిందంతా మా రాజుకు చెబుతాను. కాని ఆ నీళ్లు మీ పిల్లలూ తాగుతున్నారు."

మీ రాజు వస్తే మేమూ వస్తామంది కేతకి.

తరళ తిరిగి వచ్చి రాజసభలో కాలిన ఇళ్లతో సహా ఏదీ దాచకుండా చెప్పింది. మంత్రి అడ్డుపడబోతే రాజు వారించాడు. ఆయుధం లేకుండా వచ్చి, తానే ముందుగా మడుగులో దిగాడు. కేతకీ ఆమె ఊరివాళ్లూ ఆయన పక్కనే దిగారు. తీసిన బాణాలన్నీ నదికి దూరంగా లోతైన గోతిలో పూడ్చారు.

వానలు కురిశాక నీరు మళ్లీ తియ్యనైంది. జయకేతుడు కాలిన ఇళ్లను తిరిగి కట్టించాడు. ఇరువైపులవాళ్లూ నమ్మింది తరళనే కాబట్టి, రెండు రాజ్యాలూ కలిసి సరిహద్దులోని ధవళానది లోయకు ఆమెను రాణిని చేశాయి.

కేతకి జయకేతుడితో ఎన్నడూ మాట్లాడలేదు. తరళ పట్టాభిషేకానికి మాత్రం ఊరందరినీ వెంటబెట్టుకుని వచ్చింది.