ఏడ్చే మనిషి కోసం

జావ గిన్నె ముట్టుకోకుండానే తిరిగొచ్చింది. పైన పొర కట్టింది. దీవెనమ్మ దాన్ని వంటగదిలో పెట్టి, అలవాటు కొద్దీ మెడ కింద వేలు ఆనించింది. అక్కడ చర్మానికి అతుక్కుని, రూపాయి బిళ్లంత ఆదరణి ఉంది. వేలు తగలగానే అది చల్లబడింది. ఆ చలువ ఎముక వెంట గుండెలోకి దిగింది. చెవి వెనక ఒక మెత్తని గొంతు మాట అందించింది. దీవెనమ్మ కోడలి గది గుమ్మంలో నిలబడి ఆ మాటే పలికింది.

"బిడ్డ ప్రభువు చేతుల్లో భద్రంగా ఉన్నాడమ్మా. నీ దుఃఖాన్ని నేను అర్థం చేసుకుంటున్నాను. కాస్త జావ తాగితే ఒంటికి బలం వస్తుంది."

హెప్సిబా గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. "ఇది మీరంటున్న మాటేనా అత్తయ్యా?"

"నేనే గదమ్మా అంటున్నాను."

"మందిరం అయ్యగారూ ఇదే అన్నారు. మీ అబ్బాయీ ఇదే అన్నాడు. తడుముకోకుండా అని, మర్నాడే చేపల బోనుల దగ్గరకి పనికెళ్లిపోయాడు. నేనాయన పెళ్లాన్ని. నాతో పక్కింటోళ్లతో మాట్లాడినట్టు మాట్లాడాడు."

బిడ్డ పోయిన రోజునే హెప్సిబా తన ఆదరణిని పీకి పారేసింది. మెడ కింద ఆ చోటు గుండ్రంగా పాలిపోయి కనిపిస్తోంది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మా అన్న పడవ తెస్తున్నాడు. పోటు రాగానే ఎక్కేస్తాను."

"ఎందుకమ్మా?"

"వాడు పుట్టాడు. కళ్లు తెరిచి అందర్నీ చూశాడు. పోయాడు. ఈ వాడలో ఒక్కరి కంట కూడా నీళ్లు రాలేదు. ఎవరూ ఏడవకపోతే వాడు పుట్టినట్టా, పుట్టనట్టా? వాడి కోసం ఏడ్చే మనిషిని ఒక్కర్ని తీసుకురండి అత్తయ్యా, ఉండిపోతాను. లేదంటే మళ్లీ ఈ మెట్టెక్కను. మీరేడ్చారా?"

చెవి వెనక గొంతు ఏదో అందించబోయింది. కోడలు అడిగినదానికి అది జవాబు కాదు. దీవెనమ్మ చెప్పులు తొడుక్కుని బయటికి నడిచింది.

నీటివాడలో ఇళ్లన్నీ స్తంభాల మీద ఉంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య పలకల బాట. కింద ఒకప్పటి వరిపొలాల మీద ఇప్పుడు సముద్రం ఆడుతోంది. పెద్ద ఉప్పెన వచ్చిన ఏడాది ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు పోయారు. అప్పుడు జనం ఎంత ఏడ్చారంటే, పొయ్యిలు వెలగలేదు, పాలు తాగే పిల్లల్ని ఎత్తుకునేవాళ్లు లేరు. పట్నం నుంచి డాక్టర్లు ఆదరణులు తెచ్చి ఒక్కొక్కరికీ అంటించారు. లోపల దుఃఖం పొంగబోతుంటే అది రక్తం ఉరవడిని బట్టి ముందే పసిగడుతుంది, చల్లబరుస్తుంది, అనవలసిన మాట అందిస్తుంది. నిజంగా అది మేలే చేసింది. ఆ ఉప్పెనలోనే భర్త ఆనందరావు వేటకెళ్లి తిరిగి రాకపోతే, దీవెనమ్మ మళ్లీ లేచి పొయ్యి వెలిగించిందంటే దాని బలంతోనే.

ఆ తర్వాత ఎవరూ దాన్ని తీయలేదు. అన్నం ముందు ముట్టుకోవడం మొదలుపెట్టారు. పడవ ఎక్కే ముందు, పెళ్లిమాటల ముందు, నిద్ర లేస్తూనే. మందిరంలో ప్రార్థనకి పైకి లేచే చేతులు మెల్లగా మెడ దగ్గరకి దిగాయి. కొత్త ఆదరణులు వస్తే జెకర్యా అయ్యగారు వాటిని ప్రభువు బల్ల మీద పెట్టి దీవించేవారు. సాయం పంపింది దేవుడే కదా అనుకున్నారు అందరూ.

దీవెనమ్మ తిన్నగా లూదియమ్మ ఇంటికి వెళ్లింది. ఒకప్పుడు లూదియమ్మ ఏడుపు అందుకుంటే అవతలి కాలవలో పడవలు ఆగేవి. ఆనందరావు పోయినప్పుడు, ఆదరణులు ఇంకా రాకముందు, దీవెనమ్మ మెడ కావలించుకుని, "ఓసి సముద్రమా, నీ కడుపు మండా, మా అన్నే దొరికాడంటే నీకు!" అని నీళ్లని దులిపేసిన మనిషి. ఇప్పుడు అరుగు మీద రొయ్యలు ఒలుస్తోంది.

"వందనాలు వదినా. రా, కూర్చో."

"కూర్చోను. నువ్వే రావాలి. మా ఇంటికొచ్చి పసివాడి కోసం ఏడవాలి."

లూదియమ్మ నవ్వింది. "ఏంటీ, పెళ్లికి పిలిచినట్టు ఏడవడానికి పిలుస్తున్నావా?"

"నవ్వకే. పిల్ల వెళ్లిపోతానంటోంది."

నవ్వు ఆగింది. ముఖంలో ఏదో కదిలింది. వెంటనే రొయ్యల తడిచెయ్యి మెడ దగ్గరకి వెళ్లింది. ముఖం నునుపైపోయింది.

"బిడ్డ ప్రభువు చేతుల్లో భద్రంగా ఉన్నాడు వదినా. నీ దుఃఖాన్ని నేను అర్థం చేసుకుంటున్నాను."

అక్షరం పొల్లుపోలేదు. పొద్దున తాను కోడలితో ఎలా మాట్లాడిందో దీవెనమ్మకి ఇప్పుడు వినపడింది.

"ఒక్క పూట అది తీసేసి రారాదూ?"

"అమ్మో! కాస్త అంచు లేస్తేనే దేవుడు లేనట్టుంటది నాకు."

"దేవుడు లేనట్టా, ఆదరణి లేనట్టా?"

"ఏమో వదినా. ఇప్పుడు రెండూ ఒకటే గదా!" అని లూదియమ్మ ఇంకో రొయ్య తల తుంచింది.

ఆ మాట దీవెనమ్మ వెంటపడింది. మెడ కింద చలువ వచ్చింది, మాట అణిగింది. నాలుగడుగులు వేసేసరికి మళ్లీ లేచింది. దారిలో తలుపు తట్టిన ప్రతి ఇంట్లోనూ మర్యాదగా కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు, అదే వాక్యం చెప్పారు. కింద నీళ్లు పలకల దాకా ఎక్కుతున్నాయి. ఆమె కొంగు బిగించి మందిరం వైపు నడక పెంచింది.

జెకర్యా అయ్యగారు ఒంటరిగా బెంచీలు తుడుస్తున్నారు.

"అయ్యగారూ, మా ఆయన పటానికి నేను మల్లెదండ వేస్తే మీరొచ్చి తీసేశారు. అప్పుడేమన్నారో గుర్తుందా?"

"గుర్తుందమ్మా. మనిషి దేని ముందు వంగితే దానిలాగే తయారవుతాడన్నాను. పటానికి చూపు లేదు, దాని ముందు నిలబడి నిలబడి నీ చూపు కూడా పోతుందన్నాను."

ఆ రోజు ఆమె నొచ్చుకుంది. అయినా ఊరుకుంది. ఎందుకంటే దండ తీస్తున్నప్పుడు ఆయన కంట నీళ్లు తిరిగాయి.

"మరి ఇప్పుడు మనమంతా దేనిలాగా తయారయ్యామయ్యగారూ?"

ఆయన చెయ్యి మెడ వైపు లేచింది. దీవెనమ్మ జీవితంలో ఎన్నడూ చేయని పని చేసింది. అయ్యగారి మణికట్టు పట్టుకుని ఆపింది.

"కాసేపు దాన్ని ముట్టుకోకండి. మా పిల్లవాణ్ణి మీ చేతులతోనే పెట్టెలో పడుకోబెట్టారు. వాడి ముఖం ఎలా ఉంది, చెప్పండి."

ఆయన వెతుక్కున్నారు. పెదవులు కదిలాయి. "చూశానమ్మా... చూసే ఉంటాను." గొంతు తగ్గించారు. "నేను ప్రార్థన చేసి ఎన్నాళ్లయిందో తెలీదు. మోకరిస్తాను. మాటలు వస్తాయి. చక్కగా వస్తాయి. నేను వింటూ ఉంటానంతే."

ఆయన కళ్లలో భయం కనిపించింది. ఇల్లు దాటాక ఆమె చూసిన ఒకే ఒక్క మనిషి ముఖం అది. అది చూసి ఆమె పట్టు సడలింది. అంతే, ఆ చెయ్యి మెడని చేరింది. పలక తుడిచినట్టు భయం పోయింది.

"శాంతి సమాధానాలతో వెళ్లిరామ్మా," అన్నారాయన చిరునవ్వుతో.

గుమ్మం దాటాక దీవెనమ్మ తన ఆదరణి అంచు కిందికి గోరు దూర్చింది. అది చర్మంతో సహా ఊడొచ్చింది. దాన్ని మందిరం మెట్టు మీద, చెప్పులు విడిచే చోట పెట్టింది.

ఎండ మీద పడింది. బురద వాసన, నీళ్ల రొద, ఇన్నాళ్లూ ఎక్కడున్నాయో అన్నీ ఒక్కసారి వచ్చాయి. ఇక ఏడుపు వస్తుంది అనుకుంది. అది వచ్చేలోగా ఇంటికి చేరాలని పరుగులాంటి నడకతో పోయింది.

పడవ అప్పటికే ఇంటి రేవులో ఉంది. హెప్సిబా అన్న సీమోను తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె బట్టల మూటతో మెట్టు మీద కూర్చుని ఉంది.

"తెచ్చారా అత్తయ్యా?"

"లేదమ్మా. నేనే వచ్చాను."

దీవెనమ్మ పక్కన కూలబడింది. కళ్లు మూసుకుంది. భర్తని తలుచుకుంది. చేతుల్లో ఆ చిన్న బరువుని తలుచుకుంది. ముఖం ముడుచుకుంది, పెదవి వంకర పోయింది. కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి.

"రావట్లేదే," అంది. "నాకు... వాడు నా మనవడు. నాకేడవాలనే ఉంది. ఎంత... ఎట్లా ఏడవాలో... రావట్లేదే తల్లీ."

హెప్సిబా తిరిగి చూసింది. అత్త మెడ కింద పచ్చి పుండు, రవిక మీద రక్తపు మరక. ఈ వాడలో మాటలు తడబడుతుంటే విని ఎన్నేళ్లయిందో.

"వాడి చెవి చూశారా అత్తయ్యా?"

"ఎత్తుకున్నాను. చూడలేదు."

"పైన మడత ఉంది. పటంలో మామయ్యకున్నట్టే."

దీవెనమ్మ వేళ్లు వాటంతటవే గాలిలో ఆ మడతని పట్టుకున్నాయి. భర్తతో కాపురం చేసినన్నాళ్లూ ప్రతి ఆదివారం అతని తల దువ్వుతూ పట్టుకున్న చెవి అది. ఆ వేళ్లని, వాటి పైన పొడికళ్లతో అల్లాడుతున్న ఆ ముఖాన్ని చూసి హెప్సిబా బావురుమంది. తన బిడ్డ కోసం ఒక ఏడుపు, ఏడవలేని ఈ ముసలిదాని కోసం ఇంకో ఏడుపు.

ఆ గొంతు పలకల బాట పొడవునా పాకింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్లు వచ్చి చుట్టూ నిలబడ్డారు, అందరి చేతులూ మెడల మీదే. లూదియమ్మ చెయ్యి మాత్రం సగం లేచి ఆగింది. ఆమె ముందుకొచ్చి, వెనకటిలాగా హెప్సిబా మెడ కావలించుకుని నోరు తెరిచింది. నీళ్లు లేని బోరింగు కొట్టినట్టు ఒక శబ్దం వచ్చి ఆగిపోయింది. ఆ శబ్దానికి ఆమే బెదిరి చుట్టూ చూసింది. అయినా చేతులు వదల్లేదు.

"చెల్లీ, నీరు వెనక్కి తీస్తోంది. ఎక్కు," అన్నాడు సీమోను.

హెప్సిబా కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పడవ కట్టెయ్ అన్నయ్యా. ఏడవడం వచ్చినదాన్ని ఇక్కడ నేనొక్కదాన్నే."

దీవెనమ్మ ఆ పలకల మీదే మోకరించింది. "ప్రభువా," అంది. తర్వాతి మాట కోసం ఆగింది. చెవి వెనక ఎవరూ లేరు. నీళ్లు కింద స్తంభాలని తడుముతున్నాయి.

"వాడి చెవి..." అంది చివరికి.

లోపల దుఃఖం పొంగింది. దాన్ని చల్లబరచడానికి ఏమీ రాలేదు.