ఆదాయదర్శిని కంటికి ఓబులమ్మ చేను

చద్ది సంగటి ముద్ద ఇంకా నోట్లోనే ఉంది, గోడమీది పలుకుపలక మొదలుపెట్టింది.

“ఓబులమ్మ గారికి అభినందనలు. మీరు సంపన్న శ్రేణిలో చేరారు. ఇక మీకు భరోసా భృతి రాదు.”

ఓబులమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఉన్నది ఎకరా వేరుశనగ, మంచం పట్టిన మొగుడు. ఆ భృతితోనే అతని మందులు. ఈమె సంపన్నురాలట!

“నీ నోట్లో మన్నుబడ! ఎవురు జెప్పినారు నీకు?”

“ఆదాయదర్శిని చూసింది. నిన్న మీ చేలో తొమ్మిదిమంది కూలీలు పనిచేశారు. మీరు వారందరికీ భోజనం పెట్టారు.”

ఆదాయదర్శిని ఆకాశంలో తిరిగే కన్ను. పైరు పచ్చదనం, పొయ్యి వేడి, చేలో మనుషులు, అన్నీ పైనుంచే చూసి ఎవరు పేదో తేలుస్తుంది. అది వచ్చాక ఆఫీసుల చుట్టూ తిరగడం, లంచాలివ్వడం తప్పాయి. ఆ మేలు ఓబులమ్మ కూడా కాదనదు.

“వాళ్ళు కూలోళ్ళు కాదు తల్లీ, ముయ్యికొచ్చినారు! నిన్న నా చేన్లోకి వాళ్ళు, రేపు వాళ్ళ చేన్లోకి నేను. దుడ్ల మాటే లేదు. వచ్చినోళ్ళకు ఇంత సంగటి పెట్టకుంటే ఎట్ల?”

“రేపు మీరు వెళితే ఆ కూలి కూడా మీ రాబడిలో చేరుతుంది. మీ అభ్యంతరం స్వీకరించాం. మీ చేనును మళ్ళీ గమనిస్తాం.”

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. సగం చేనులో కాయ ఇంకా పెరకాలి, పైన మబ్బు కమ్ముకొస్తోంది. ఇవాళ కూడా వస్తామన్న ముయ్యివాళ్ళ కోసం ఎంతసేపు చూసినా ఒక్కరూ రాలేదు. విసిగిపోయి పక్కింటి మాబున్నీ దగ్గరికి వెళ్ళింది. మాబున్నీ వాకిలి దాటి రాలేదు.

“మీ పలక జెప్పింది మాకూ ఇనపడింది. మేమొస్తే నీ భృతి పోతాదంట గదక్కా. బావ మందులు ఆగిపోతే ఆ పాపం మాకొద్దు. మీ ఇంటి దిక్కు గూడా రాగూడదని అందరం అనుకున్నాం.”

అందరూ ఆమె మేలు కోరినవాళ్ళే. ఎవర్ని తిట్టగలదు? ఒక్కతే వంగి పెరికింది. వాన ఆమె కోసం ఆగలేదు. మిగిలిన కాయంతా నేలలోనే మొలకెత్తిపోయింది.

వారం తర్వాత పలక మళ్ళీ పలికింది. “అభినందనలు. మీ చేలో మీరొక్కరే కనిపించారు. మీ భరోసా భృతి మళ్ళీ వస్తుంది.”

మంచంమీంచి మొగుడు పెద్దోబులేసు తల తిప్పాడు. ఇంటికొచ్చి పలకరించే మనిషి లేక వారంనుంచీ దూలాలు చూస్తూ పడుకున్నాడు.

“ఏమంటాందే అది?”

“మనం పేదోళ్ళమంట,” అంది ఓబులమ్మ. “ఈసారి దాని లెక్క సరిగ్గానే ఉండాది.”