ఆపరేషన్ ఒంటె మూపురం

“లాప్‌టాప్ షఫీక్‌కి. కారు తాళాలు నీకు,” అంది సీతారత్నం.

సీక్రెట్ ఏజెంట్ శశిభూషణ్‌కు ఒళ్ళు మండింది. గుంటూరులో ఒక పత్తి విత్తనాల షాపు మేడ మీద నడిచే రహస్య శాఖకు సీతారత్నం చీఫ్. షఫీక్ నిన్నగాక మొన్న చేరిన ప్రోగ్రామర్ కుర్రాడు. వాడు ఆఫీసరట, సరిహద్దుల్లో తూటాలు తప్పించుకొచ్చిన తను డ్రైవరట.

“బ్రీఫింగ్ విను. బైపాస్ మీద కోల్డ్ స్టోరేజీలన్నీ ఒకే కంట్రోల్ రూమ్ నుంచి నడుస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్‌లో షఫీక్ రాసిన కన్వర్టర్ ఉంది. దాంట్లో ఒక విదేశీ ముఠా విషం లాంటి కోడ్ పెట్టిందని కబురు. ఇవాళ పదకొండింటికి అమ్మోనియా వాల్వులన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయట. ఆ గ్యాసు పీలిస్తే చావే, లోపల కూలిజనం ఉంటారు. ఖాళీ చేయిస్తే ముఠా పసిగట్టి ముందే తెరిచేస్తుంది.”

“కబురు ఎవరిది?”

“ఆరాధనది. ముఠాలో ఉంటూనే మనకు పనిచేస్తోంది. శుభ్రం చేసిన కాపీ తెస్తోంది. పొద్దున ఢిల్లీ ఫ్లైట్‌కి దిగింది, గుంటూరు రావడం ఇదే మొదలు. మిర్చి యార్డు గేటు దగ్గర పికప్. కాపీ షఫీక్ లోడ్ చేస్తాడు.”

“మరి నేను?”

“జాగ్రత్తగా నడుపు.”

శశి పంచె కట్టి, భుజాన కండువా వేసుకుని కమీషన్ వ్యాపారి వేషంలో యార్డు గేటు చేరాడు. కళ్ళద్దాల్లో కెమెరా ఉంది. వెనకే లాప్‌టాప్ సంచితో షఫీక్. సీజను కావడంతో లారీల వరస రోడ్డెక్కింది. అక్కడి ఘాటుకి కొత్తవాడు ఎవడైనా దగ్గాల్సిందే. గుంటూరులో పుట్టిన షఫీక్‌కి ఆ గాలి అలవాటే గానీ, సింగరాయకొండ నుంచి వచ్చిన శశికి ఇన్నేళ్ళయినా పడలేదు.

ముదురాకుపచ్చ పట్టుచీర, చెవులకు పెద్ద జుంకాలతో ఆరాధన వచ్చింది. యార్డంతా తలతిప్పి చూసింది.

“తేజా మిర్చి ఉందాండీ?” అన్నాడు శశి దగ్గుతూ.

“తాలుకాయే మిగిలిందండీ,” అందామె గణగణ మోగే గొంతుతో. కోడ్ సరిపోయింది. ఆమె శశిని దాటి వెనక్కి చూసింది. “మీరేనా షఫీక్ గారు? మీ కోడ్ చదివాను. ముత్యాలు పేర్చినట్టుంది.”

ముత్యాలట. తను గురి తప్పకుండా కాల్చిన రోజుల్లో ఒక్కరైనా అలా అన్నారా? తను దగ్గి దగ్గి చస్తుంటే ఆవిడ గొంతు సన్నాయిలా పలకడం కూడా షఫీక్ పక్షమే అనిపించింది.

కారులో ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. శశి అద్దంలో రోడ్డు కన్నా వాళ్ళనే ఎక్కువ చూశాడు.

“మీ కన్వర్టర్ ఏం చేస్తుందో అన్నగారికి చెప్పండి పాపం,” అంది ఆరాధన.

“ఏం లేదన్నా. వాల్వ్, ఓపెన్ అనే రెండు మాటల మధ్య కింద గీత పెట్టి రాస్తే పాము పద్ధతి. గీత తీసేసి, కలిపి రాసి, మధ్యలో పెద్దక్షరం పెడితే ఒంటె పద్ధతి, మూపురంలా లేస్తుంది. ఒక కంపెనీ మిషనుకి పాము అర్థమవుద్ది, ఇంకోదానికి ఒంటె. నాది మధ్యలో మారుస్తుంది. ఏకవచనం, బహువచనం కూడా. రోజూ పదకొండింటికి గాలి తీయడానికి ఒక్క వాల్వు తెరుస్తారు. ఆ ఒకటి, ‘అన్నీ’ అని మారితే అయిపోయాం.”

“కరెంటు తీసేస్తే పోలా?”

“వాల్వులు వాటంతటవే మూసుకుంటాయి. కానీ రేపు మళ్ళీ వేయాలిగా అన్నా.”

ఆరాధన నవ్వింది. శశి గేరు మార్చిన తీరుకి కారు ఎగిరిపడింది.

కిటికీలోంచి ఒక కోల్డ్ స్టోరేజీ చూపించి, “మా అమ్మ ఇవాళ ఇందులోనే,” అన్నాడు షఫీక్ మెల్లగా. వాళ్ళమ్మ రసూల్‌బీ మిరపకాయలకు తొడిమలు తీస్తుంది. ఒకసారి వాళ్ళింట్లో కాయలు పట్టుకుని కన్ను నలుపుకోబోతే శశిని ఆమె కసిరింది. “వేళ్ళు కంటికి తగలనీకయ్యా. మణికట్టుతో తుడుచుకో. మేమంతా అంతే.”

కంట్రోల్ రూమ్‌లో ఆరాధన కుడి జుంకా విప్పింది. లోపల చిన్న డ్రైవ్. “చదివే టైమ్ లేదు షఫీక్ గారు, నన్ను నమ్మండి,” అంది. షఫీక్ ముఖం వెలిగిపోయింది. శశి ముఖం మాడిపోయింది. కళ్ళు మాత్రం ఆమె మీదే ఉన్నాయి.

కాపీ లోడవుతోంది. ఆమె కంట్లో ముంగురులు పడ్డాయి. వేళ్ళు దూరంగా చాపి, మణికట్టు వెనక భాగంతో వాటిని తోసింది.

శశికి రసూల్‌బీ కసిరిన మాట గుర్తొచ్చింది. గుంటూరుకి కొత్తయిన మనిషి యార్డులో ఒక్కసారీ దగ్గలేదు. ఇప్పుడు ఈ చెయ్యి తీరు. ఈమె మిరపకాయల మధ్య నెలల తరబడి కూర్చుంది. అంటే గుంటూరు రావడం ఇదే మొదలన్న మాట అబద్ధం, తెచ్చిన కబురూ అబద్ధమే. ఇన్నాళ్ళూ సాఫ్ట్‌వేర్‌లో విషం లేదు. ఇప్పుడు మన చేతే ఎక్కిస్తోంది.

“ఒరేయ్, ఆపు. విషం ఆ కాపీలోనే ఉంది.”

షఫీక్ తల తిప్పలేదు. “పొద్దుట్నించీ చూస్తున్నా అన్నా. నీకు కుళ్ళు.”

“కుళ్ళే. కాదన్నానా? చచ్చేంత కుళ్ళు. అందుకే ఆవిణ్ణి రెప్ప వేయకుండా చూశా. ఆపరా, మీ అమ్మ లోపలుంది.”

షఫీక్ వేలు తడబడింది. అప్పటికే తెర మీద లోడింగ్ పూర్తయింది. ఆరాధన రెండో జుంకాలోంచి సూదంత పిస్టల్ తీసింది. శశి భుజం మీది కండువా ఆమె ముఖం మీదికి విసిరి, గోడకున్న మెయిన్ స్విచ్ మీద పడ్డాడు. తూటా సీలింగ్‌లో దిగింది. గడియారం ముల్లు పదకొండు మీదికి వస్తుండగా స్విచ్ కిందికి దిగింది. గదంతా చీకటి. వాల్వులు మూసుకునే ఉన్నాయి. ఆ చీకట్లోనే శశి ఆమె చేతిలో పిస్టల్ లాగేసి సంకెళ్ళు వేశాడు.

బ్యాటరీ మీద నడిచే లాప్‌టాప్‌లో షఫీక్ ఆ కాపీ తెరిచాడు. “పదకొండింటికి ఒక వాల్వు అని అడిగితే అన్నీ అని మార్చమని రాశారన్నా.”

సంకెళ్ళతో ఆరాధనను బయటికి తెస్తుంటే, పక్క స్టోరేజీలోంచి కూలీలతో వచ్చిన రసూల్‌బీ ఆగి చూసింది. “ఈ పిల్లా? నిరుటి సీజనంతా మా పక్కన కూచుని తొడిమలు తీసిందే. పట్టుచీరలో గుర్తే పట్టలా.”

సాయంత్రం మేడ మీద సీతారత్నం రిపోర్టు చదివి కళ్ళజోడు తీసింది. “అంతా బాగానే ఉందయ్యా. ఆమె దగ్గిందో లేదో, కురులు ఎలా తోసుకుందో, ఇంత వివరంగా ఎందుకు గమనించావు?”

“డ్యూటీ మేడమ్,” అన్నాడు శశి.

పుట్టి బుద్ధెరిగాక ఏ ఘాటుకీ దగ్గని షఫీక్, ఆ మాటకి పొలమారి దగ్గాడు.