రెండు పొరల మధ్య వేడి

“కరక్ చాయ్ చల్లారిపోయింది.”

ఫోన్‌లో చీఫ్ జగన్మోహనరావు చెప్పిన కోడ్ అది. ఏజెంట్ చనిపోయాడని అర్థం. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లోని ఒక ల్యాబ్‌లో, క్లీనర్ వేషంలో మాప్ పట్టుకుని నిలబడ్డ ఏజెంట్ మంగ పళ్ళు పటపటా కొరికింది. శ్యాంప్రసాద్‌ని చంపేశారు! మూడు నెలలుగా ఇదే ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా నటిస్తూ ఆమెకి పని నేర్పిన మనిషి.

“రిపోర్టులో గుండెపోటని రాశారు,” అన్నాడు చీఫ్.

“ముప్పై నాలుగేళ్ళవాడికా? ఎవడండీ రాసింది?”

“కోపం తర్వాత. ముందు బ్రీఫింగ్ విను. రువైస్‌లో గ్యాస్ ట్యాంకు. లోపల ద్రవం రెండు పొరలుగా ఉంది. కింది పొర వేడి పైకి పోతుంటే క్షేమం. పోకపోతే అది వేడెక్కి, తేలికై, ఒక్కసారిగా పైకి తిరగబడుతుంది. అప్పుడు బోలెడు గ్యాస్ ఎగదన్నుతుంది, అది బయటికి పోయే వెంట్లు మూసి ఉంటే ట్యాంకు పేలుతుంది. ఒక విదేశీ ముఠా దానికోసమే కాచుకుంది. ఆ వేడిని శ్యాం మీ ల్యాబ్‌లోని నమూనాలో కొలిచేవాడు. ఇప్పుడు తన్మయి చూస్తోంది. మన మనిషే. అంతా సేఫ్ అంటోంది.”

ఫోన్ పెట్టేసేసరికి డాక్టర్ తన్మయి లోపలికి వచ్చింది. సిల్క్ స్కార్ఫ్, ఖరీదైన సెంటు. క్లీనర్లని కన్నెత్తి చూసే రకం కాదు.

మంగ బల్ల తుడుస్తూ రీడింగ్ షీట్ చూసింది. పక్కనే గాజు పెట్టెలో రెండు పొరల ద్రవం, కింద వేడి పలక, పైన చల్లటి పలక. ట్యాంకుకి నమూనా అదే. ఈ ఉదయం పదింటికి హీటర్ పెంచినట్టు రాసి ఉంది. పదీ ఐదుకి కింద ఎక్కిన వేడీ, పైనుంచి బయటికి పోయిన వేడీ సమానం. పదీ పదికీ సమానం.

మంగకి ఒళ్ళు మండిపోయింది. హీటర్ ముట్టుకుంటే పొరలు సర్దుకోవడానికి ఆరు గంటలు పడుతుంది, అంతవరకు ఆ రెండంకెలూ కలవవు. ఈ మాట చెప్పి శ్యాం ఆమెని ఎన్ని పూటలు ఆ పెట్టె ముందు కూర్చోబెట్టాడో! ఈ మహాతల్లి అసలు కొలవనే లేదు.

“ఈ అంకెలు మీరే తీశారా అమ్మగారూ?”

“నేల తుడువు. అదీ నీ పని.” తన్మయి చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళింది.

పిస్టల్ బయటికొచ్చేలోపు మాప్ కర్రలోని స్టన్ గన్ ఆమె మణికట్టుకి తగిలింది. తన్మయి కూలబడింది, అయినా నవ్వింది.

“లేటయ్యావు. పన్నెండున్నర. మిడ్‌డే బ్రేక్. మీ లేబరంతా ట్యాంకు నీడలోనే ఉంటారు. వెంట్లు లాక్ చేశాను. ఇంకో పది నిమిషాలు.”

కావాలనే ఆ వేళ ఎంచుకున్నారు! మంగ ఆమె మెళ్ళో కార్డు లాగి, రువైస్ వెంట్లని ఇక్కడినుంచే నడిపే కన్సోల్‌లో పెట్టింది. వెంట్లు తెరుచుకోవడం మొదలైంది, మెల్లగా. రెండో చేత్తో రువైస్‌లో ఫోర్‌మన్‌గా ఉన్న తన ఊరివాడు అంజిబాబుకి ఫోన్ కొట్టింది.

“అన్నయ్యా, జనాన్ని ట్యాంకు కాడ్నించి లేపు!”

“ఈ జూలై ఎండలోకా? బ్రేక్‌లో ఎవర్నీ ఎండలోకి తేకూడదని రూలు. మా ముదీర్, అదే మేనేజరు, ఊరుకోడమ్మా.”

“ముదీర్ సంగతి నేను చూత్తాను! యల్లా, పరిగెత్తించు! లేదంటే అందరూ ఖలాస్!”

పన్నెండూ ముప్పై తొమ్మిదికి చివరి వెంట్ తెరుచుకుంది. మరుక్షణం ద్రవం తిరగబడింది. ట్యాంకు నిలిచింది, కానీ వెంట్లలోంచి ఎగసిన చల్లటి గ్యాస్ కిందికి దిగి, ఊపిరాడకుండా ఆ నీడనంతా కమ్మేసింది. అక్కడ అప్పటికి ఒక్క మనిషీ లేడు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. తన్మయి అంతా కక్కేసింది. ముఠా దొరికింది.

“శ్యాం ఫైల్లో గుండెపోటు కొట్టేయండి సార్. హత్యని రాయండి.”

“రాశాను. ఇంకొకటి. కంపెనీ సేఫ్టీ ఆఫీసు అంజిబాబుకి మెమో ఇచ్చింది. బ్రేక్ టైములో మూడొందల నలభై మందిని ఎండలో నిలబెట్టినందుకు సంజాయిషీ ఇవ్వాలట.”

మంగ క్లీనర్ ఏప్రన్ విప్పి పడేసింది.

“నేను చెప్తాను, రాసుకోండి. ఎండలో నిలబడి బతికిపోయినందుకు మూడొందల నలభై మందీ క్షమాపణ కోరుతున్నారు.”