మూగ మలుపు

పిల్లలూ, దెయ్యానికి గొంతు ఉంటుందా, ఉండదా? చేతులెత్తండి. ఊహూఁ, అందరూ ఒకేసారి అరవకూడదు. ముందు కథ, తర్వాత జవాబు.

నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో, మా కార్ఖానా క్వార్టర్ల మధ్య ఒక మలుపు ఉండేది. మూగ మలుపు అనేవాళ్లు. ఎంత వాగుడుకాయలైనా అక్కడికి రాగానే నోరు కట్టేసుకుని గబగబా దాటేసేవాళ్లు. అక్కడ మాట్లాడినవాళ్ల ఇంటికి వారం తిరిగేలోపు కీడు వచ్చేది మరి.

కీడంటే ఏమిటి? ఆఫీసు నుంచి హెచ్చరిక కాగితం. ఆ మలుపులో స్తంభానికి కెమెరా పెట్టారు. దానికి కన్నుతో పాటు చెవి కూడా ఉంది. "దొంగల కోసమే" అన్నారు. ఒక్క దొంగా దొరకలేదు. సూపర్‌వైజరు బొజ్జ మీద జోకు వేసిన డ్రైవరు మాత్రం దొరికాడు.

ఫిట్టరు భార్యా దొరికింది. "బాయిలరు మీటరు పాడైందట అక్కా, మా ఆయన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోతున్నాడు" అని అక్కడ నాతోనే అంది. అంతే, ఫిట్టరుకి కాగితం. ఇంకొక్కసారి జరిగితే ఉద్యోగమూ లేదు, ఇల్లూ లేదు. "టీచరమ్మతో మీ ఆవిడకి రోజూ ఏం ముచ్చట్లు?" అని కూడా అడిగారట. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే నేల చూపులు.

ఇక అసలు సంగతి. ఫిట్టరే నాకు చెప్పాడు.

ఒక రాత్రి రెండో షిఫ్టు దిగి వస్తున్నాడు. వీధిలో నరపురుగు లేదు. మలుపు దగ్గరికి వచ్చాడు... పెదాలు బిగించాడు... ఎందుకో తల పైకెత్తాడు.

బడి మేడ మీద పాత బల్లలు పడేసే గది. సాయంత్రమే తాళం పడే గది. దాని కిటికీలో — తెల్లటి చెయ్యి.

చెయ్యి ఒక్కటే. గాలిలో తిరుగుతోంది. సున్నా చుట్టి... కిందికి దిగి... మళ్లీ పైకి.

బడికి ఎదురుగా ఉన్న తన ఇంటి కిటికీ వైపు చూశాడు. అక్కడ చీకట్లో తన భార్య. ఆమె చెయ్యీ అలాగే తిరుగుతోంది!

పట్టేసింది... నా పెళ్లాన్ని పట్టేసింది, అనుకున్నాడు.

గుండె చిక్కబట్టుకుని మళ్లీ పైకి చూశాడు. మేడ మీది చెయ్యి ఒక వంపు తిప్పి, చివర్న టక్కున తలకట్టు పెట్టింది. ఆ తలకట్టు... రాత్రిబడిలో తన వేలు పట్టుకుని దిద్దించిన తలకట్టు!

"ఓర్నాయనో! టీచరమ్మా, మీరా!" పకపకా నవ్వేశాడు. "దెయ్యమనుకుని చచ్చాననుకోండి! మా ఆవిడకి గాల్లో ఏం పాఠాలమ్మా?"

భయం దిగిపోయినవాడికి నోరు అదుపులో ఉండదర్రా. ఎక్కడ నిలబడ్డాడో మర్చిపోయాడు.

స్తంభం మీద... గిర్రుమని... కెమెరా మెడ తిప్పింది. ముందు అతని వైపు. తర్వాత వాళ్ల కిటికీ వైపు. తర్వాత నా వైపు.

అవును, ఆ దెయ్యం నేనే. తాళంచెవి నా దగ్గరే ఉండేది. చీకట్లో కనబడాలని చేతికి చాక్‌పీసు పొడి పూసుకునేదాన్ని. ఆవిడ పిండి పూసుకునేది. ఎదుటివాళ్లకి అక్షరం సరిగ్గా కనబడాలంటే మనం తిరగేసి రాయాలి. పిల్లలకి దిద్దించి దిద్దించి నాకది అలవాటే.

మర్నాడు మమ్మల్ని ఆఫీసుకి పిలిచారు. బయట బల్ల మీద కూర్చున్నప్పుడే ఫిట్టరు ఇదంతా నా చెవిలో గొణిగాడు, తప్పు చేసిన పిల్లాడిలా. లోపల నన్ను మూడు గంటలు అడిగారు.

"ఏం రాశారు?"

"వాళ్ల పాపకి జ్వరం తగ్గిందా అని."

"జ్వరం సంగతి ఎవరైనా గాల్లో రాస్తారా?"

నిజమే. ఎవరు నమ్ముతారు?

శనివారానికల్లా వాళ్ల సామాను బండెక్కింది. దుప్పటి చుట్టిన పాప తల్లి ఒళ్లో ఉంది. మలుపు దగ్గర ఆవిడ నన్ను చూసి వేలెత్తింది. మొదటి అక్షరం రాసింది... స్తంభం వైపు చూసింది... చెయ్యి దించేసింది.

తగ్గిందో, తగ్గలేదో. ఇప్పటికీ నాకు తెలియదు.

జవాబా? ఆ స్తంభం మీది దెయ్యానికి గొంతు లేదర్రా. మన గొంతులతోనే దాని కడుపు నిండేది.

ఏమిటే చిన్నదానా? మన వీధి చివర మొన్న కొత్తగా పెట్టిన కెమెరానా... ఆఁ, చూశాను. మాట మింగేసి వేలెత్తుతున్నావేం? ఉండు, అప్పుడే రాయకు. కిటికీ పరదా కుట్టడం ఇంకా మూరెడు మిగిలింది. వెళ్లి పూర్తి చేసొస్తాను. అది వేలాడదీశాక రాద్దువుగాని.